తుంటి ఎముక శస్త్రచికిత్స తరువాత: పడక మీది ప్రమాదాలు, కుటుంబం చేయవలసిన పని

తెల్లవారుజామున స్నానాల గదికి వెళ్ళిన డెబ్బై అయిదేళ్ళ వృద్ధురాలు తడి నేల మీద కాలు జారి పక్కకు పడుతుంది. లేవబోతే లేవలేదు. పడిన వైపు కాలు రెండవ దానికంటె కొద్దిగా పొట్టిగా కనబడుతుంది, పాదం బయటి వైపుకు తిరిగి ఉంటుంది. కోవిల్‌పట్టిలోగాని విరుదునగర్‌లోగాని ఎముకల వైద్యులు తరచు చూసే దృశ్యమిది. విరిగినది తొడ ఎముక పైభాగం; వాడుకలో తుంటి ఎముక విరిగినదంటారు. ఒకటి రెండు రోజులలో శస్త్రచికిత్స జరుగుతుంది. రోగి క్షేమంగా బయటికి రాగానే బంధువులు గండం గడిచినదని ఊరట చెందుతారు.

ఆ ఊరట తొందరపాటు. తుంటి ఎముక విరిగిన వృద్ధులలో ఏడాది తిరిగేలోగా నూటికి ఇరవై నుండి ముప్పై మంది వరకు మరణిస్తున్నారని అనేక దేశాల లెక్కలు చెప్తున్నాయి. వీరిలో ఎక్కువమందిని తీసుకొనిపోయేది విరిగిన ఎముక కాదు. ఊపిరితిత్తులలో చేరిన నెమ్ము, రక్తనాళాలలో పేరుకొన్న గడ్డ, వీపున పడిన పుండు, తిండి లేక క్షీణించిన దేహం, వీటితో పాటు అలసిన గుండె వారి ప్రాణాలు తీస్తున్నవి. ఇంగ్లండులో 2007 నుండి తుంటి ఎముక రోగులందరి వివరాలను ఒకే పట్టికలో నమోదు చేయసాగారు. ఆ ఏడాది ముప్పై రోజులలోపు మరణాలు నూటికి 10.9, 2011 నాటికి అవి 8.5కు దిగినవి. ఆ కాలంలో అక్కడి ఆసుపత్రులు శస్త్రచికిత్సను త్వరపరచాయి, వృద్ధుల వైద్యుని తొలిరోజు నుండే రోగి దగ్గరకు రప్పించాయి, రోగిని వెంటనే మంచం దింపసాగాయి. అద్భుతమైన కొత్త మందు ఏదీ ఇందులో లేదు. ఈ పనులలో కొన్ని వైద్యులవి, చాలా మట్టుకు కుటుంబానివి.

మొదటి గంటలు

పడినవారిని బలవంతంగా నిలబెట్టరాదు, కాలు లాగరాదు, నూనె రాయరాదు. 108కు ఫోను చేసి, కాలు కదలకుండా ఇరువైపులా దిండ్లు ఉంచి తరలించవలెను. పుత్తూరు కట్టు పేరు తెలుగువారికి కొత్త కాదు; చిత్తూరు జిల్లాలో పుట్టిన ఆ పేరు తమిళనాడు పట్టణాల వీధులలో కూడ బోర్డుల మీద కనబడుతుంది. ముంజేతి ఎముక సంగతి ఎలా ఉన్నా, తుంటి విషయంలో కట్టు పనికిరాదు. తొడ ఎముక మెడ కీలు లోపల ఉంటుంది. అది విరిగినపుడు పై గుండుకు పోయే రక్తనాళాలు తెగిపోవచ్చును. బయటినుండి ఎంత బిగించి కట్టినా లోపలి ముక్కలు కుదురుకోవు. కట్టుతో నెలల తరబడి పడుకోబెట్టిన వృద్ధునికి ఎముక అతకకముందే పడక జబ్బులు చుట్టుకొంటవి.

కోవిల్‌పట్టిలో ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నది. విరుదునగర్‌లో 2022 జనవరి 12న ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. ఇంకా పెద్ద వైద్యం కావలసివస్తే అదే జాతీయ రహదారి మీద ఉత్తరాన మదురై, దక్షిణాన తిరునెల్వేలి వైద్య కళాశాలలు ఉన్నవి. రోగి దేహస్థితి అనుకూలిస్తే 36 నుండి 48 గంటలలోపు శస్త్రచికిత్స జరగడం మంచిదని వైద్యుల అభిప్రాయం. భారతదేశంతో కలిపి 17 దేశాలలో జరిగి 2020లో ప్రకటితమైన ఒక పెద్ద పరిశోధనలో ఇంకా వేగంగా, ఆరు గంటలలోనే శస్త్రచికిత్స చేయ ప్రయత్నించారు. మరణాల సంఖ్యలో చెప్పుకోదగిన తేడా రాలేదు. అయితే ఆ రోగులలో మతిభ్రమ తక్కువైనది, వారు త్వరగా లేచి నిలబడగలిగారు. కనుక మంచి రోజు చూచుకొని, దూరపు కొడుకు వచ్చేదాకా ఆగి, శస్త్రచికిత్సను వాయిదా వేయించడం రోగికి మేలు చేయదు.

ఖర్చు విషయం మొదటిరోజే తేల్చుకొనవలెను. ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం కింద అర్హత గల కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు రక్షణ ఉన్నది. రేషన్ కార్డు, ఆధార్, బీమా కార్డు వెంట తెచ్చుకొని ఆసుపత్రి బీమా కౌంటరులో చూపవలెను. ఆంధ్ర, తెలంగాణల కార్డులు మాత్రమే ఉన్నవారు వాటినే చూపి అక్కడివారిని అడగవలెను.

మంచమే శత్రువు

1947 డిసెంబరులో రిచర్డ్ ఆషర్ అనే ఆంగ్ల వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న వ్యాసం ప్రకటించాడు. పడుకోవడం వలన కలిగే అపాయాలు దాని విషయం. ఆ రోజులలో ఏ రోగానికైనా విశ్రాంతియే మొదటి మందు. మంచం మీద కదలక పడుకొన్నవాని ఊపిరితిత్తులు, రక్తనాళాలు, చర్మం, కండలు, ఎముకలు, మూత్రాశయం, మనస్సు ఎలా చెడిపోతాయో ఆయన ఒక్కొక్కటిగా వివరించాడు. ఆ వ్యాసం వెలువడి ముప్పావు శతాబ్దం దాటినా మన ఇళ్ళలో పాత నమ్మకమే రాజ్యం చేస్తున్నది. ‘పాపం, ఆపరేషన్ అయింది, కదల్చకండి’ అనే మాట ప్రేమతో పుట్టినదే. తుంటి రోగికి ఇంతకంటె హాని చేసే ప్రేమ లేదు.

శస్త్రచికిత్స జరిగిన మరునాడే రోగిని కూర్చోబెట్టి, వాకరు పట్టించి నిలబెట్టడం నేటి పద్ధతి. ఎముక మెడ విరిగినవారికి చాలాసార్లు పై గుండును తొలగించి లోహపు గుండును అమరుస్తారు. మెడకు దిగువన విరిగితే మేకువంటి కడ్డీతోగాని, మరతో కూడిన పలకతోగాని బిగిస్తారు. ఈ అమరికలు దేహభారాన్ని మోయడానికే తయారైనవి. కాబట్టి ఎక్కువమంది రోగులు తొలిరోజులలోనే కాలి మీద బరువు మోపవచ్చును. ఎంత బరువు మోపవచ్చునో చెప్పవలసినవాడు శస్త్రచికిత్స చేసిన వైద్యుడు. ఆ ప్రశ్నను కుటుంబమే అడిగి, జవాబును వ్రాయించి దగ్గర ఉంచుకొనవలెను. ఒక నర్సు నడిపించమని, మరొకరు వద్దని చెప్పే గందరగోళం ఆ కాగితంతో తీరిపోతుంది.

నొప్పి తగ్గనిదే నడక సాధ్యం కాదు. పాతతరం స్త్రీలు నొప్పిని పైకి చెప్పరు; అడిగితే ‘పరవాలేదు’ అంటారు. కదిపినపుడు ముఖం ముడుచుకొన్నా, పిడికిలి బిగించినా నొప్పి ఉన్నట్లే లెక్క. ఫిజియోథెరపిస్టు వచ్చే సమయానికి అరగంట ముందుగా నొప్పి మాత్ర అందేలా చూడమని నర్సును కోరవచ్చును. మొదటిరోజు మంచం పక్కన రెండు నిమిషాలు నిలబడితే చాలు. రెండవరోజు కుర్చీదాకా, మూడవరోజు గది తలుపుదాకా నడిపించవచ్చును. భోజనం మంచం మీద పెట్టక కుర్చీలో పెట్టవలెను. రోజుకు మూడుసార్లు లేవడానికి అదే సాకు. ప్రతిరోజూ నిన్నటికంటె నాలుగడుగులు ఎక్కువ వేయించడం కుటుంబం బాధ్యత.

కాలి వాపు, నూనె మర్దన

కదలని కాలి సిరలలో రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊడి గుండె గుండా ఊపిరితిత్తుల రక్తనాళంలో చిక్కుకొంటే నిమిషాలలో ప్రాణం పోవచ్చును. దీనిని నివారించడానికి రక్తం గడ్డకట్టకుండా చేసే సూదిమందునో మాత్రలనో సాధారణంగా నాలుగైదు వారాలు వాడతారు. ఇంటికి వచ్చాక ‘ఇప్పుడు బాగానే ఉన్నారు కదా’ అని వాటిని మానివేయడం పెద్ద పొరపాటు. మంచం మీద ఉన్న సమయంలో గంటకొకసారి పాదాలను పైకి, కిందికి పదిమార్లు ఆడించవలెను. పిక్కల కండరాలు ముడుచుకొన్నప్పుడల్లా రక్తం పైకి పోతుంది.

ఇక్కడ మన అలవాటు ఒకటి అడ్డు వస్తుంది. కాలు వాచినదంటే నువ్వుల నూనె వేడిచేసి మర్దన చేయడం చాలా ఇళ్ళలో ఉన్నది. శస్త్రచికిత్స తరువాత ఒక పిక్క వాచి, వేడెక్కి, నొప్పిగా ఉంటే దానిని రుద్దరాదు. లోపల గడ్డ ఉంటే మర్దన దానిని ఊడదీయగలదు. వెంటనే వైద్యునికి చూపవలెను. హఠాత్తుగా ఆయాసం, రొమ్ము నొప్పి, దగ్గులో రక్తం కనబడితే క్షణం ఆలస్యం చేయక 108కు ఫోను చేయవలెను.

ఊపిరి, మూత్రం, చర్మం

వెల్లకిల పడుకొన్నవాని ఊపిరితిత్తుల అడుగుభాగం విప్పుకోదు. అక్కడ కఫం చేరి నెమ్ము వస్తుంది. ఆసుపత్రులలో ఇచ్చే మూడు బంతుల ఊపిరి పరికరం ఇందుకే. అది అలమారలో పెట్టే వస్తువు కాదు. మేలుకొన్నంతసేపు గంటకు పదిసార్లు గాలి పీల్పించవలెను. తినిపించేటపుడు నిటారుగా కూర్చోబెట్టి, తిన్న తరువాత అరగంట వరకు పడుకోనీయరాదు. మూత్రపు గొట్టం ఎన్ని రోజులుంటే అంత సూక్ష్మజీవుల బాధ. ‘ఇక తీసివేయవచ్చునా?’ అని ప్రతి ఉదయం అడగడం తప్పు కాదు. పడక పుండ్లు సాధారణంగా మడమల మీద, నడుము కింది ఎముక మీద మొదలవుతాయి. ఎర్రబడి, వేలితో నొక్కినా తెల్లబడని మచ్చ కనబడితే పుండు మొదలైనట్లే. రెండు గంటలకొకసారి ఒత్తిగిలించి, పిక్కల కింద దిండు ఉంచి మడమలను పరుపుకు తగలనీయరాదు. ఈ ప్రాంతపు ఎండకు చెమట పట్టి పక్క తడిసిపోతుంది. తడిసిన దుప్పటిని వెంటనే మార్చవలెను.

అవ్వ మాట ఎవరికి అర్థమవుతుంది?

శస్త్రచికిత్స తరువాత రెండు మూడు రోజులలో కొందరు వృద్ధులు తాత్కాలికంగా మతి తప్పినట్లు ప్రవర్తిస్తారు. వైద్యులు దీనిని డెలీరియం అంటారు. చనిపోయినవారిని పిలవడం, సూదులు లాగివేయడం, పగలు నిద్రించి రాత్రి కేకలు వేయడం దాని ఒక రూపం. రెండవ రూపం మరింత మోసకరం: రోగి మౌనంగా, మత్తుగా, దేనిమీదా ధ్యాస లేకుండా పడి ఉంటుంది. ‘విశ్రాంతి తీసుకొంటున్నది’ అని అందరూ సంతోషిస్తారు. ఇది పిచ్చి కాదు, వార్ధక్యమూ కాదు. లోపల వేరొక బాధ ఉన్నదని దేహం చేసే హెచ్చరిక. నెమ్ము, మూత్రం బిగిసిపోవడం, మలబద్ధకం, నీరు తక్కువ కావడం, తగ్గని నొప్పి, కొన్ని మందులు, నిద్రలేమి దీనికి కారణాలు కావచ్చును. కారణాన్ని కనిపెడితే చాలామందిలో మతి కుదుటపడుతుంది. కనిపెట్టకపోతే ఆ లోపలి జబ్బే ముదిరిపోతుంది.

తెలుగు కుటుంబాలకు ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. శతాబ్దాల క్రితం దక్షిణానికి వచ్చిన తెలుగువారు ఈ నల్లరేగడి నేలలో వందల గ్రామాలలో స్థిరపడ్డారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ తన ‘గోపల్ల గ్రామం’లో ఆ వలసనే కథగా మలచారు. ఈ కుటుంబాలలో చదువు, వ్యవహారం తమిళంలో. వృద్ధుల ఇంటి మాట తెలుగులో. ఈ మధ్య పని కోసం వచ్చి స్థిరపడినవారి పెద్దలకు తమిళమే రాదు. ఆసుపత్రిలో నర్సులు, సహాయకులు తమిళంలో మాట్లాడతారు. తమిళం బాగా వచ్చిన అవ్వ కూడ జ్వరంలో, మత్తులో చిన్ననాటి భాషలోకి జారిపోవచ్చును. అప్పుడు రెండు తప్పులు జరిగే వీలున్నది. ఆమె తెలుగులో సరిగానే ‘మూత్రం రావడం లేదు’ అని చెప్తూ ఉంటే నర్సు దానిని ప్రేలాపన అనుకొనవచ్చును. లేదా ఆమె నిజంగానే పొంతన లేని మాటలు మాట్లాడుతూ ఉంటే, తన భాషలో ఏదో చెప్పుకొంటున్నదని ఊరకుండవచ్చును. ఈ తేడాను ఆ గదిలో గుర్తించగలిగినది మంచం పక్కన కూర్చున్న బంధువు మాత్రమే.

కనుక కాపలా ఉండేవారు టిఫిను తెచ్చి ఫోను చూచుకొంటూ కూర్చుంటే సరిపోదు. ఉదయం, సాయంత్రం తెలుగులో నాలుగు మామూలు ప్రశ్నలు అడగవలెను: ఇది ఏ ఊరు, ఇప్పుడు పగలా రాత్రా, ఎదుట ఉన్నది ఎవరు, నిన్న ఎవరు వచ్చారు. నిన్న చెప్పగలిగినవారు నేడు చెప్పలేకపోతే ఆ సంగతి అప్పుడే నర్సుకు చెప్పవలెను. తమిళం కొత్త అయినవారు రెండు వాక్యాలు నేర్చుకొంటే చాలు. ‘నేత్తు వరైక్కుం నల్లా పేసినాంగ’ అంటే నిన్నటిదాకా బాగా మాట్లాడారని. ‘వళక్కమా ఇప్పడి పేస మాట్టాంగ’ అంటే మామూలుగా ఇలా మాట్లాడరని. మరికొన్ని మాటలు కూడ అక్కరకు వస్తాయి. నొప్పిని వలి అని, వాపును వీక్కం అని, జ్వరాన్ని కాయ్చ్చల్ అని, ఊపిరాడకపోవడాన్ని మూచ్చుత్ తిణరల్ అని, పడక పుండును పడుక్కైప్ పుణ్ అని, కళ్ళు తిరగడాన్ని మయక్కం అని అంటారు. ఎముక విరగడం ఎలుంబు మురివు.

మతిభ్రమను రానీయకుండా చేసే పనులు చాలా చిన్నవి. కళ్ళజోడు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్ళు మొదటిరోజే తెచ్చి పెట్టవలెను. చాలామంది వాటిని ‘పోతాయేమో’ అని ఇంట్లో దాచి వస్తారు. పగలు కిటికీ తెరచి వెలుతురు రానీయవలెను, రాత్రి దీపం తగ్గించి మాటలు ఆపవలెను. పదిమంది ఒక్కసారిగా చూడరావడంకంటె తెలిసిన ముఖం ఒకటి నిలకడగా ఉండడం మేలు. భ్రమలో ఉన్నవారితో వాదించరాదు, చేతులు కట్టివేయరాదు. చేయి పట్టుకొని తమ భాషలో మెల్లగా పలకరించవలెను.

ఇంటికి వచ్చిన తరువాత

కుట్లు సాధారణంగా రెండు వారాలకు తీస్తారు. గాయం మీద పసుపు, విభూతి, పొడులు ఏవీ చల్లరాదు. చుట్టూ ఎరుపు, కారుతున్న ద్రవం, తిరిగి పెరుగుతున్న నొప్పి కనబడితే గడువు తేదీ కోసం ఎదురుచూడరాదు. చక్కెర వ్యాధి ఉన్నవారిలో గాయం మానడం చక్కెర అదుపును బట్టి ఉంటుంది.

లోహపు గుండు అమర్చినవారికి మరొక జాగ్రత్త కావలెను. నేల మీద బాసిపట్టు వేయడం, గొంతుకూర్చోవడం, కాళ్ళు పెనవేయడం వలన కొత్త కీలు తప్పిపోవచ్చును. నేల మీద కూర్చొని భోంచేయడం, వంగి వాకిట ముగ్గు వేయడం, నేలబారు మరుగుదొడ్డి వాడడం కొంతకాలం మానవలెను. కుర్చీవంటి కమోడు స్టాండును ఆసుపత్రి నుండి రాకముందే కొని ఉంచడం మంచిది. వచ్చిన తరువాత వెదికేలోగా మొదటి ప్రమాదం జరిగిపోవచ్చును.

తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న ‘మక్కళైత్ తేడి మరుత్తువం’ పథకాన్ని ప్రారంభించినది. రక్తపోటు, చక్కెర మందులతో పాటు ఫిజియోథెరపీని కూడ ఇంటివద్దకే తేవడం దాని ఉద్దేశం. ఆసుపత్రికి తిరిగిపోలేని వృద్ధుడు ఇంట్లో ఉంటే దగ్గరి పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేరు నమోదు చేయించి, ఫిజియోథెరపిస్టును పంపమని అడగవలెను.

తిండి విషయంలో పథ్యం పేరిట జరిగే అపకారం ఇంతా అంతా కాదు. ‘ఆపరేషన్ మనిషి’కి గంజి, రసం అన్నం మాత్రమే పెడితే కండ కరగిపోతుంది, కండ లేనిదే నడక లేదు. యాభై కిలోల మనిషికి రోజుకు 50 నుండి 60 గ్రాముల మాంసకృత్తులు కావలెను. రెండు గుడ్లలో 12, రెండు గ్లాసుల పాలలో 12, రెండు గిన్నెల పప్పులో 14, గుప్పెడు వేరుసెనగలలో ఏడు గ్రాములు వస్తాయి. మిగిలినది అన్నం, రాగి, సజ్జల నుండి కూడుతుంది. వంద గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం కూడ ఉన్నది. చక్కెర వ్యాధి లేనివారికి, పళ్ళు గట్టిగా ఉన్నవారికి కోవిల్‌పట్టి కడలై మిఠాయి రోజుకొక ముక్క పెట్టినా తప్పు లేదు. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ మిఠాయిలో ఉన్నది వేరుసెనగ, బెల్లమే. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఈ కొలతలను వైద్యుని అడిగి నిర్ణయించుకొనవలెను.

చివరిగా ఎముక సంగతి. చిన్న జారుపాటుకే తుంటి విరిగినదంటే ఎముకలు గుల్లబారినవని అర్థం. రెండవ తుంటి కూడ అదే స్థితిలో ఉంటుంది. అయినా విరిగినదానిని బిగించి పంపిన తరువాత గుల్లతనానికి మందు వాడేవారు తక్కువ. 2007లో ప్రకటితమైన ఒక పరిశోధనలో తుంటి శస్త్రచికిత్స జరిగిన 90 రోజులలోపు మొదలుపెట్టి ఏడాదికొకసారి జోలెడ్రోనిక్ ఆమ్లం ఎక్కించినవారిలో కొత్త విరుగుళ్ళు నూటికి 35 వంతులు, మరణాలు 28 వంతులు తగ్గినవి. ఆ మందు అందరికీ సరిపడదు. విటమిన్ డి, మూత్రపిండాల పరీక్షలు ముందు జరగవలెను. కాని కుట్లు తీయించుకోవడానికి వెళ్ళిన రోజున ‘ఎముక గుల్లబారకుండా ఏమి మందు వాడవలెను?’ అని అడగకపోతే ఆ మాట ఎవరికీ గుర్తుకు రాకపోవచ్చును. అదే రోజున మరొకటి కూడ అడగదగినది: కంటి శుక్లం. మొదటిసారి పడినప్పుడు తడి నేల కనబడనే లేదేమో.